మందులకు లొంగని డిప్రెషన్: కరెంటా, మాగ్నెటా, కెటమినా?

మత్తులో తలకు కరెంటు పంపి కాసేపు ఫిట్స్ తెప్పించే ఈసీటీ, తలకు అయస్కాంత తరంగాలు పంపే ఆర్‌టీఎంఎస్, కెటమిన్ అనే మత్తుమందు: ఈ మూడింట్లో ఏది అని అడిగే ముందు, మందులు నిజంగానే పనిచెయ్యలేదా అన్నది తేల్చుకోవాలి. రెండు రకాల మందులు, ఒక్కోటీ సరైన మోతాదులో, ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా గుణం కనిపించకపోతేనే దాన్ని మందులకు లొంగని డిప్రెషన్ అంటారు. పాత చీటీలు తేదీల వారీగా పేర్చి చూస్తే చాలాసార్లు ఈ లెక్క కుదరదు. 10 నుంచి 20 మిల్లీగ్రాములు కావాల్సిన ఎస్సిటాలోప్రామ్ 5 దగ్గరే ఏడాది నడిచి ఉంటుంది. 200 దాకా పెంచగలిగిన సెర్ట్రలిన్ 50 దగ్గరే ఆగి ఉంటుంది. లేదంటే నెల మాత్రలు పది రోజులు మింగి, కాస్త నిద్ర పట్టగానే ఆపేసి ఉంటారు. ఇది మందు ఓడిపోవడం కాదు, మందు వాడకపోవడం.

ఈ దశలో థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ పరీక్షలు చేయించాలి. తాగుడు అలవాటుంటే దాచకుండా చెప్పాలి. గతంలో ఎప్పుడైనా నిద్రే లేకుండా నాలుగైదు రోజులు హుషారుగా తిరగడం, అప్పులు చేసి మరీ ఖర్చుపెట్టడం, ఆగకుండా మాట్లాడటం ఉంటే అది హుషారూ దిగులూ మారిమారి వచ్చే బైపోలార్ కావచ్చు. అప్పుడు మందుల దారే వేరు. అరవై దాటాక మొదటిసారి డిప్రెషన్ వచ్చి, నడక నెమ్మదించినా, చేతిరాత చిన్నదైపోయినా, మతిమరుపు పెరుగుతున్నా నరాల డాక్టరుకు ఒకసారి చూపించాలి. పార్కిన్సన్స్ మొదట డిప్రెషన్ రూపంలోనే బయటపడటం కొత్తేమీ కాదు.

ఇవన్నీ సరిచూశాక కూడా తగ్గకపోతే మాత్రం మాత్రలు మార్చుకుంటూ ఏళ్లు గడపడం దండగ. అమెరికాలో జరిగిన స్టార్-డీ అధ్యయనం 2006లో చెప్పిన లెక్క ప్రకారం మూడో మందు, నాలుగో మందు దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా కోలుకునేవాళ్లు నూటికి పద్నాలుగు మందికి మించలేదు. నాలుగు మెట్లూ కలిపి 67 శాతం కోలుకున్నారని అప్పట్లో ప్రకటించారు. అదే సమాచారాన్ని 2023లో మొదట అనుకున్న పద్ధతి ప్రకారం మళ్లీ లెక్కగట్టినవాళ్లకు 35 శాతమే తేలింది. ఆ పాత అంకెను నమ్మి "ఇంకో మందు మారుద్దాం" అన్న సలహా పదిహేనేళ్లకు పైగా నడిచింది.

ఎదురుచూడకూడని చోట ఈసీటీ

అన్నం నీళ్లు మానేసిన మనిషి, బిగుసుకుపోయి పలకని మనిషి, "నా పేగులు కుళ్లిపోయాయి, నేను పాపిని" అని అబద్ధపు నమ్మకాల్లో కూరుకుపోయిన మనిషి, పురుగుల మందు తాగి బతికి బయటపడి మళ్లీ చావు మాటే మాట్లాడే మనిషి, ప్రసవం తర్వాత తీవ్రంగా దెబ్బతిన్న బాలింత: వీళ్ల విషయంలో పోలికలు పెట్టుకుని కూర్చోవద్దు. ఈసీటీ అంత గట్టిగా పనిచేసేది మిగతా రెండింట్లో లేదు. మాగ్నెట్‌కు వారాలు పడుతుంది. అబద్ధపు నమ్మకాలున్న డిప్రెషన్‌ను కెటమిన్ పెద్ద అధ్యయనాలు చాలావరకు పక్కన పెట్టాయి.

సినిమాల్లో చూపించే కరెంటు షాక్‌కూ ఇప్పుడు జరిగేదానికీ పోలిక లేదు. రాత్రి భోజనం తర్వాత గట్టి ఆహారం ఏమీ తినకూడదు. ఉదయం మూత్రానికి పంపి, కట్టుడు పళ్లు, చెవి కమ్మలు, జడపిన్నులు తీయిస్తారు. నూనె రాసిన తలను తుడుస్తారు, నూనె ఉంటే కరెంటు సరిగా పారదు. సూది వేసి థయోపెంటోనో ప్రొపొఫాలో ఇస్తే అర నిమిషంలో నిద్ర వస్తుంది. ఆ తర్వాత కండరాలు వదులయ్యే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. అది ఎక్కించే ముందే ఒక కాలికి బీపీ పట్టీ బిగించి గాలి నింపుతారు. ఆ కాలిలోకి మందు వెళ్లదు కాబట్టి ఫిట్స్ వచ్చిందో లేదో ఆ పాదం కదలికను బట్టే తెలుస్తుంది. మిగతా ఒళ్లు దాదాపు కదలదు. నోట్లో రబ్బరు దిమ్మ పెట్టి, కొన్ని సెకన్లు కరెంటు పంపుతారు. ఫిట్స్ ఇరవై సెకన్లకు పైగా నడిస్తే సాధారణంగా చాలనుకుంటారు. మొత్తం పని పది నిమిషాలు, తెలివి పూర్తిగా రావడానికి అరగంట నుంచి గంట. వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు.

మత్తు డాక్టరుకు రాయలసీమవాళ్లు తప్పనిసరిగా చెప్పాల్సిన రెండు సంగతులున్నాయి. మొదటిది, ఈమధ్య పురుగుల మందు తాగారా అన్నది. ఆర్గానోఫాస్ఫేట్ మందులు సక్సినైల్‌కోలిన్‌ను విరిచే సూడోకోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను వారాల తరబడి తగ్గించేస్తాయి. అప్పుడు కొన్ని నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటలు పట్టొచ్చు. రెండోది, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమై వెంటిలేటర్ మీద పెట్టారా అన్నది. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం మిగతావాళ్లకంటే ఎక్కువని వైద్య పరిశోధనల్లో నమోదైంది. కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో ఈ ప్రశ్న అడగకుండా మత్తు ఇవ్వడం అజాగ్రత్తే. ముందే చెబితే ఒక రక్తపరీక్షతో తేలుతుంది, వేరే కండర సడలింపు మందుతో పని జరుగుతుంది.

ఫిట్స్ సరిగా రాకపోవడానికి ఎక్కువగా దొరికే కారణం రాత్రి వేసుకున్న నిద్రమాత్ర. క్లోనాజెపామ్, లోరాజెపామ్, వాల్‌ప్రోయేట్ లాంటివి ఫిట్స్‌ను అడ్డుకుంటాయి. వీటిని ముందే తగ్గించాలా అన్నది డాక్టరుతో మాట్లాడాలి, ఇంట్లో సొంతంగా ఆపొద్దు. మనసును నిలకడగా ఉంచే లిథియం మందు మీద ఉంటే చికిత్స తర్వాత తికమక ఎక్కువవుతుంది కాబట్టి దాన్నీ సర్దుతారు.

జ్ఞాపకం సంగతి నిజాయితీగా చెప్పాలి. కొత్తగా నేర్చుకునే శక్తి కొన్ని వారాల్లో తిరిగొస్తుంది. చికిత్సకు ముందరి కొన్ని నెలల సంఘటనలు, ఒక పెళ్లో, ఒక ప్రయాణమో, కొందరికి ఎప్పటికీ గుర్తురావు. రెండు కణతల మీదా పెట్టే పద్ధతిలో ఈ నష్టం ఎక్కువ. కుడివైపు మాత్రమే పెట్టి, 0.3 మిల్లీసెకను మాత్రమే ఉండే అల్ట్రాబ్రీఫ్ పల్స్ వాడితే తక్కువ, కాకపోతే రెండు మూడు సిటింగ్‌లు ఎక్కువ పట్టొచ్చు. ఉపాధ్యాయులు, లెక్కల పని చేసేవాళ్లు కుడివైపు పద్ధతి కుదురుతుందా అని అడగాలి. ప్రాణానికి ముప్పు ముంచుకొచ్చిన మనిషికి మాత్రం ఆ వారం రెండువైపులే నయం. ఏటీఎం పిన్, అప్పుల లెక్కలు, తాళాల చోట్లు మొదటి సిటింగ్‌కు ముందే కాగితం మీద రాసి నమ్మకస్తుల దగ్గర పెట్టుకోవడం చిన్న పనే, కానీ ఎవరూ చెప్పరు.

మాగ్నెట్: రాకపోకలే అసలు ఖర్చు

ఆర్‌టీఎంఎస్‌కు మత్తు లేదు, ఉపవాసం లేదు, జ్ఞాపకానికి నష్టం లేదు. ఎడమ నుదుటి పైభాగాన ఒక చుట్ట పెట్టి అయస్కాంత తరంగాలు పంపుతారు. పాత పద్ధతిలో 37 నిమిషాలు, 3,000 పల్సులు. కొత్త తీటా బర్స్ట్ పద్ధతిలో మూడు నిమిషాలు, 600 పల్సులు. 2018లో 414 మందితో జరిగిన త్రీ-డీ అధ్యయనంలో రెండూ సమానంగానే పనిచేశాయి: జబ్బు లక్షణాలు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గినవాళ్లు 49, 47 శాతం, పూర్తిగా కోలుకున్నవాళ్లు 32, 27 శాతం, రెండు చోట్లా మొదటి అంకె మూడు నిమిషాల పద్ధతిది. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టారని ఎక్కువ గుణం రాదు.

వారానికి అయిదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి. ఇక్కడే ఆదోని, రాయదుర్గం లాంటి దూరపు ఊళ్ల వాళ్లు దెబ్బతింటారు. పది సిటింగ్‌లకు వచ్చి, తేడా లేదని ఆపేస్తారు. గుణం చాలామందికి మూడో వారం తర్వాతే కనిపిస్తుంది. సగంలో మానేసేట్టుంటే మొదలుపెట్టకపోవడమే మేలు. డబ్బు సంగతి మాట్లాడేటప్పుడు ఒక్క సిటింగ్ ధర కాదు, 30 సిటింగ్‌ల ధర, బస్సు చార్జీలు, తోడు వచ్చేవాళ్ల కూలీ కలిపి లెక్క చూడండి. రాత్రి బస్సులో నిద్రలేకుండా వచ్చి పొద్దున్నే కుర్చీలో కూర్చోవడం ప్రమాదం కూడా. ఈ చికిత్సలో ఫిట్స్ అరుదు, ఆ అరుదైన ఫిట్స్‌కు నిద్రలేమి, ముందురోజు తాగుడు దారి వేస్తాయి. ఊళ్లో బంధువుల ఇంట్లోనో అద్దె గదిలోనో నెలరోజులు ఉండగలిగినవాళ్లకు ఇది బాగా సరిపోతుంది.

సెంటరు మంచిదో కాదో తెలుసుకోవడానికి మొదటి రోజే చాలు. బొటనవేలు చూడండి. తలమీద కదలికల భాగంలో చుట్ట పెట్టి, కుడిచేతి బొటనవేలు పదిసార్లలో అయిదుసార్లు ఎగిరే కనీస బలం ఎంతో కనుక్కుంటారు. అదే ఆ మనిషి హద్దు. చికిత్స సాధారణంగా దానికి 120 శాతం బలంతో ఇస్తారు. ఆ తర్వాత టేపుతో తల చుట్టుకొలత, ముక్కు మొదలు నుంచి వెనక తల దాకా, చెవి నుంచి చెవి దాకా కొలిచి నుదుటి స్థానం గుర్తుపెడతారు. బొటనవేలు చూడకుండా, టేపు తీయకుండా అందరికీ ఒకే బలం పెట్టే చోట మీరు కొనేది శబ్దం మాత్రమే. మధ్యలో మందులు మారితే ఆ హద్దు మళ్లీ కొలవాలి. క్లోనాజెపామ్ రోజూ వేసుకునేవాళ్లలో గుణం తక్కువగా వస్తోందని అధ్యయనాలు చెబుతున్నాయి.

తలలో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు ఇది వద్దు. పేస్‌మేకర్ ఉంటే గుండె డాక్టరు మాట లేకుండా కుర్చీ ఎక్కొద్దు.

అయిదు రోజుల్లో అయిపోయే సెయింట్ పద్ధతి గురించి కూడా ప్రకటనలు కనిపిస్తాయి. రోజుకు పది సిటింగ్‌లు, ఒక్కోదానికి 1,800 పల్సులు, ప్రతి మనిషికీ ఎంఆర్‌ఐ చూసి స్థానం తేల్చడం అందులో భాగం. అమెరికా ఎఫ్‌డీఏ 2022లో అనుమతించింది, కానీ ఆధారంగా నిలిచిన అధ్యయనంలో 29 మందే ఉన్నారు. ఆ ఎంఆర్‌ఐ లేకుండా "అయిదు రోజుల కోర్సు" అని అమ్మితే అది సెయింట్ కాదు.

కెటమిన్: త్వరగా తేలిక, త్వరగా తిరుగుముఖం

కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున, 60 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు, 40 నిమిషాల పాటు సెలైన్‌లో మెల్లగా ఎక్కిస్తారు. ఆపరేషన్‌కు ఇచ్చే మోతాదులో ఇది సగమో పావో. ఆ సమయంలో ఒళ్లు తేలుతున్నట్టు, గది దూరమైనట్టు అనిపిస్తుంది. బీపీ పెరుగుతుంది. రెండు గంటల్లో సర్దుకుంటుంది, ఆరోజు బండి నడపకూడదు. కొందరికి 24 గంటల్లోనే చావు ఆలోచన తగ్గుతుంది, దీని విలువంతా అక్కడే ఉంది. ఒక్క డోసు గుణం కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాలే. అందుకే వారానికి రెండు చొప్పున మూడు వారాలు ఇస్తారు, ఆ తర్వాత ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఇప్పటికీ గట్టి జవాబు లేదు.

మనదేశంలో కెటమిన్ మత్తుమందుగా అనుమతి పొందినది. సెలైన్‌లో ఎక్కించే ఈ మందును డిప్రెషన్‌కు వాడటం అనుమతి పత్రంలో లేని వాడకం. అది నేరం కాదు, కానీ సంతకం పెట్టే కాగితంలో ఆ మాట రాసి ఉండాలి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, రెండు ప్రతుల చీటీ లేకుండా షాపులో అమ్మకూడదు. వయల్ చేతికిచ్చి "ఇంట్లో నర్సు చేత వేయించుకోండి" అన్నవాళ్ల దగ్గర ఒక్క క్షణం కూడా ఆగొద్దు. మోనిటర్, ఆక్సిజన్, ఊపిరితిత్తులకు గొట్టం వెయ్యగల మనిషి ఉన్న చోటే వేయించుకోవాలి. అదుపులో లేని బీపీ, తాగుడు లేదా మత్తు అలవాటు, గతంలో సైకోసిస్ (లేనివి వినిపించడం, అబద్ధపు నమ్మకాలు), గర్భం ఉంటే సాధారణంగా దీని జోలికి వెళ్లరు. నెలల తరబడి తరచుగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం మొదలైతే చెప్పాలి.

అధ్యయనాలు ఏం చెప్పాయి, ఏం చెప్పలేదు

2023లో అమెరికాలో 403 మందితో ఈసీటీనీ కెటమిన్‌నూ నేరుగా పోల్చారు. సగానికి సగం తగ్గినవాళ్లు కెటమిన్‌లో 55, ఈసీటీలో 41 శాతం. ఈ ఒక్క అంకె చూపించి "కరెంటు కాలం చెల్లింది" అనడం తప్పు. అందులో సైకోసిస్ ఉన్నవాళ్లను తీసుకోలేదు, ఎక్కువమంది బయట నుంచి వచ్చిపోయేవాళ్లు, ఈసీటీ కుడివైపు పద్ధతితో మొదలుపెట్టి మూడు వారాలకే లెక్క చూశారు. అంతకు ఏడాది ముందు స్వీడన్‌లో ఆస్పత్రిలో చేరిన 186 మందితో చేస్తే ఫలితం తిరగబడింది: పూర్తిగా కోలుకున్నవాళ్లు ఈసీటీలో 63, కెటమిన్‌లో 46 శాతం. రెండూ నిజమే. జబ్బు ముదిరి మంచాన పడ్డవాళ్లకు ఈసీటీ, తిరుగుతూ కుమిలిపోతున్నవాళ్లకు కెటమిన్ అని చదువుకోవాలి.

కెటమిన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఎక్కిన కాసేపటికే రోగికి తెలిసిపోతుంది, తనకు అసలు మందే పడిందని. నమ్మకం ఎంత, మందు ఎంత? దీన్ని విడదీయడానికి స్టాన్‌ఫర్డ్‌లో వేరే ఆపరేషన్ల కోసం పూర్తి మత్తులో ఉన్న 40 మంది డిప్రెషన్ రోగులకు, ఏది పడిందో వాళ్లకు తెలియకుండా, కెటమిన్‌నో ఉప్పునీళ్లనో ఇచ్చారు. రెండు వర్గాలూ బాగుపడ్డాయి, తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే, కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

సంతకం ఎవరిది

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మత్తూ కండర సడలింపూ లేకుండా ఈసీటీ ఇవ్వడం నిషేధం. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకు గార్డియన్ సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతి కావాలి. అత్యవసర చికిత్స పేరుతో ఈసీటీ ఇవ్వడాన్ని కూడా చట్టం ఒప్పుకోదు. అంటే ఎంత తొందరైనా సమ్మతి దాటవేయలేరు. గొలుసుతో కట్టెయ్యడం ఎక్కడా, ఏ కారణంగానూ కూడదు, గుడి ఆవరణలోనైనా దర్గా దగ్గరైనా.

మాట అర్థమై నిర్ణయం చెప్పగలిగితే సంతకం రోగిదే. భర్తదీ కాదు, పెద్దకొడుకుదీ కాదు. మన దగ్గర ఎక్కువగా తప్పేది ఇక్కడే. వరండాలో కొడుకుతో మాట్లాడి సంతకం తీసుకుంటారు, లోపల మంచం మీదున్న తల్లిని అడిగేవాళ్లుండరు. అర్థం చేసుకునే స్థితి లేనప్పుడు ఆమె నామినేట్ చేసిన ప్రతినిధి నిర్ణయిస్తారు. అలా చేర్చుకున్నవాళ్ల నిర్ణయశక్తి తిరిగొచ్చిందా అని ఏడు రోజులకోసారి చూడాలి. మూడో సిటింగ్‌కు తెలివి తేటపడితే నాలుగో దానికి ఆమెనే అడగాలి. బాగున్న రోజుల్లోనే "నాకు మళ్లీ వస్తే ఇది చెయ్యండి, ఇది వద్దు" అని ముందస్తు ఆదేశం రాసిపెట్టుకునే హక్కు చట్టంలో ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బున్నవాళ్లు అది వాడుకోవాలి.

ఎవరైనా పరిశోధనలో చేరమంటే ప్రయోగాల ప్రభుత్వ నమోదు పట్టిక సీటీఆర్‌ఐ నంబరు అడగండి. క్లినికల్ ట్రయల్స్‌కు 2009 నుంచి ఆ నమోదు తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు సమ్మతి పత్రంలో ఉండాలి, పత్రం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీ చేతికి రావాలి. పరిశోధన ఖర్చు రోగి మీద వెయ్యకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెదడులో తీగలు అమర్చే డీబీఎస్‌ను డిప్రెషన్‌కు వాడటం ఇంకా ప్రయోగదశే. 90 మందితో చేసిన బ్రాడెన్ ట్రయల్‌లో ఆరు నెలలకు నకిలీ చికిత్సకూ దానికీ తేడా తేలలేదు. ట్రయల్ ముగిశాక బ్యాటరీ ఎవరు మారుస్తారన్న ప్రశ్న అందులో పాల్గొన్నవాళ్లకు మిగిలింది. మానసిక జబ్బుకు అలాంటి ఆపరేషన్ చెయ్యాలంటే ఇక్కడ రోగి సమ్మతి, బోర్డు అనుమతి రెండూ కావాలి.

ఎక్కడికి వెళ్లాలి

ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రి మానసిక విభాగం: కర్నూలు, అనంతపురం సర్వజనాసుపత్రులు, కడప రిమ్స్. "ఇక్కడ మత్తు డాక్టరుతో ఈసీటీ ఇస్తున్నారా, వారంలో ఏయే రోజులు" అని నేరుగా అడగండి. మత్తు డాక్టరు తీరిక లేకే సిటింగ్‌లు వాయిదా పడుతుంటాయి. వారానికి ఒక్కటే వస్తుంటే కోర్సు నీరుగారుతుంది. అలాంటప్పుడు అనంతపురం వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్, కర్నూలు వాళ్లకు హైదరాబాదు, కడప వాళ్లకు తిరుపతి లేదా వేలూరు సీఎంసీ అందుబాటులోవి. ఏ పథకం కింద వస్తుందో చేరకముందే ఆస్పత్రి సహాయ కేంద్రంలో కనుక్కోండి. ప్రైవేటు బీమా ఉంటే శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. చావు ఆలోచనలు ముదిరిన రాత్రి ఎవరూ దొరక్కపోతే 14416 నంబరున్న ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ టెలి మానస్‌కు తెలుగులో మాట్లాడొచ్చు.

తగ్గాక లిథియం, ఎండాకాలం

ఏది ఎంచుకున్నా, కోర్సు ముగియగానే మందులు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఈసీటీతో కోలుకున్నవాళ్లలో ఆరు నెలల్లో తిరగబెట్టినవాళ్లు: మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 84 శాతం, డిప్రెషన్ మందు నార్‌ట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లలో 60, దానికి లిథియం కలిపినవాళ్లలో 39. 2001 నాటి ఈ లెక్క వల్లే లిథియం చీటీలో చేరుతుంది.

అనంతపురం ఎండల్లో లిథియం జాగ్రత్తగా వాడాల్సిన మందు. చేనులో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగితే, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేస్తే రక్తంలో అది పెరిగిపోతుంది. నడుము నొప్పికి షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా పెంచుతాయి, నొప్పికి పారాసిటమాల్ వాడుకోవాలి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర కొత్తగా మొదలైతే లెవెల్ మళ్లీ చూడాలి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే ఆ పూట మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. లెవెల్ పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి: రాత్రి తొమ్మిదికి వేసుకుంటే ఉదయం తొమ్మిదికి, ఉదయం మాత్ర ఉంటే అది రక్తం ఇచ్చాకే.